కడుపు మాడ్చుకుంటున్నా బరువు ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: నా వయసు 34, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆరు నెలల కిందట 78 కిలోలు ఉండేదాన్ని. రోజుకు 900 క్యాలరీలకు మించకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను. మొదటి మూడు వారాల్లోనే 4 కిలోలు తగ్గాను. నాలుగు నెలలు దాటేసరికి 70కి వచ్చాను. ఆ తర్వాత ఏడు వారాలుగా తూకం కదలడం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా నోరు కట్టుకుని ఉంటాను. శని, ఆదివారాల్లో మాత్రం ఆగలేకపోతున్నాను, ఎంత తిన్నానో లెక్క ఉండదు, తర్వాత ఏడుపొస్తుంది. ఎప్పుడూ చలిగా ఉంటోంది. జుట్టు ఊడుతోంది. రెండుసార్లు నెలసరి ఆలస్యమైంది. జిమ్ ట్రైనర్ నా మెటబాలిజం దెబ్బతిందని, శరీరం 'స్టార్వేషన్ మోడ్'లోకి వెళ్లిపోయిందని అంటున్నారు. స్నేహితురాలేమో 30 దాటాక అంతే, 700కి దిగు అంటోంది. నా మెటబాలిజం నిజంగా పాడైపోయిందా? ఇప్పుడు ఎక్కువ తింటే పోయిన 8 కిలోలూ తిరిగి వచ్చేస్తాయని భయంగా ఉంది. ఏం చేయాలో చెప్పండి.
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది కదలని తూకం కాదమ్మా. మధ్యలో ఒక్కో ముక్కలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయిన మూడు విషయాలు: చలి, జుట్టు ఊడటం, నెలసరి ఆలస్యం. అందుకే ముందు సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 700కి దిగకండి. రేపటి నుంచి 900 కూడా వద్దు. రోజుకు 800 క్యాలరీల దగ్గర తినడమన్నది డాక్టర్ పర్యవేక్షణలో, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తూ, కొద్ది వారాల పాటు మాత్రమే చేయించే పని. మీరు దాదాపు అదే పనిని ఆరు నెలలుగా ఒంటరిగా చేస్తున్నారు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. మీ మెటబాలిజం పాడైపోలేదు. కొంత నెమ్మదించింది, అది నిజమే. కానీ పాడవడం వేరు, నెమ్మదించడం వేరు. నెమ్మదించింది సరిపడా తిండి అందితే చాలావరకు దానంతట అదే తేరుకుంటుంది. ఈ తేడా మీకు స్పష్టంగా తెలియాలని నా తాపత్రయం. 'దెబ్బతింది' అన్న ఒక్క మాటకు బెదిరిపోయి, ఉన్న కాస్త తిండినీ ఇంకా తగ్గించుకుంటూ పోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మెటబాలిజం అంటే శరీరం రోజంతా పెట్టే ఖర్చు మొత్తం. అందులో 60 నుంచి 70 శాతం మనం కదలకుండా పడుకున్నా అయ్యే ఖర్చు. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, కాలేయం, మూత్రపిండాలు పనిచేయాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఈ విశ్రాంతి ఖర్చులో దాదాపు ఐదో వంతు ఒక్క మెదడుకే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో 10 శాతం దాకా పడుతుంది. మిగిలినదంతా కదలికల ఖర్చు. కదలిక అంటే వ్యాయామం ఒక్కటే అనుకోకండి. నిలబడటం, మెట్లెక్కడం, ఇల్లు సర్దుకోవడం, ఫోన్ మాట్లాడుతూ గదిలో అటూ ఇటూ తిరగడం, అన్నీ అందులోకే వస్తాయి.

తిండి తగ్గగానే ఈ ఖర్చు ఒక్కసారిగా కూలిపోదు. ఒక పూట మానేస్తే మెటబాలిజం పడిపోతుందని చాలామంది నమ్ముతారు, అది అపోహ. రెండు మూడు రోజులు పూర్తిగా ఉపవాసం ఉన్నవాళ్లను పరీక్షించినప్పుడు వాళ్ల విశ్రాంతి ఖర్చు తగ్గలేదు. కొన్ని అధ్యయనాల్లో కాస్త పెరిగింది కూడా. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తింటే మెటబాలిజం పరుగెడుతుందన్నదీ అలాంటి మాటే. అరుగుదల ఖర్చు ఎంత తిన్నామన్న దాన్ని బట్టి, ఏం తిన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది, ఎన్నిసార్లు తిన్నామన్న దాన్ని బట్టి కాదు.

నెమ్మదించడం మొదలయ్యేది తిండి తక్కువవడం రోజులు, వారాలుగా కొనసాగినప్పుడు. దీని వెనక లెప్టిన్ అనే హార్మోన్ ఉంది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టింది. కొవ్వు కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి, నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు అందే కబురు ఇదే. తిండి బాగా తగ్గినప్పుడు, కొవ్వు ఇంకా పెద్దగా కరగకముందే, కొద్ది రోజుల్లోనే లెప్టిన్ పడిపోతుంది. ఒంట్లో ఇంకా బోలెడు కొవ్వు ఉన్నా మెదడుకు మాత్రం కరువు వచ్చిందన్న కబురే చేరుతుంది. ఆదాయం పడిపోయిన ఇల్లాలు ఏం చేస్తుంది? ముందు అత్యవసరం కానివి ఆపుతుంది. మెదడూ అదే చేస్తుంది. చురుకైన థైరాయిడ్ హార్మోన్ టీ3 తగ్గుతుంది, గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది. బిడ్డను మోయడానికి ఇది సమయం కాదని అండం విడుదలను వాయిదా వేస్తుంది. మీ చలి, మీ నెలసరి ఆలస్యం ఇక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. జుట్టు కూడా అంతే. ఒంటికి గట్టి ఒత్తిడి తగిలిన రెండు మూడు నెలలకు వెంట్రుకలు గుత్తులుగా రాలడం మామూలే, బాగా తింటే మళ్లీ మొలుస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. టీ3 తగ్గిందని ఎవరో చెబితే థైరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. ఇది థైరాయిడ్ జబ్బు కాదు, తిండి చాలకపోవడానికి శరీరం ఇచ్చే జవాబు. బరువు కోసం ఆ మాత్రలు వాడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఎముకలు, కండరాలు కూడా నష్టపోతాయి.

ఎంత నెమ్మదిస్తుంది అన్నదే అసలు ప్రశ్న. రాక్‌ఫెల్లర్‌లోనే లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ అనే శాస్త్రవేత్తలు 1995లో ఒక ముఖ్యమైన అధ్యయనం ప్రచురించారు. బరువులో పదో వంతు తగ్గించి, అక్కడే నిలబెట్టినవాళ్ల ఖర్చును కొలిచారు. శరీరం చిన్నదైంది కాబట్టి ఖర్చు తగ్గడం సహజమే. కానీ ఆ చిన్న శరీరానికి ఉండాల్సినదాని కంటే కూడా ఇంకొంత తక్కువగా ఉందని తేలింది. ఆ 'ఇంకొంత'నే అందరూ మెటబాలిజం దెబ్బతినడమని పిలుస్తున్నారు. తర్వాతి అధ్యయనాల్లో తేలింది ఏమిటంటే, తిండి కోత నడుస్తున్నప్పుడు కొలిస్తే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బరువు స్థిరపడి, కొన్ని వారాలు సరిపడా తిన్నాక కొలిస్తే చాలామందిలో రోజుకు కొన్ని పదుల క్యాలరీలకు దిగిపోతుంది.

మీ లెక్కే వేసి చూద్దాం. ఎత్తు, బరువు, వయసును బట్టి విశ్రాంతి ఖర్చును అంచనా వేసే మిఫ్లిన్ సూత్రం ఒకటుంది, డైటీషియన్లు ఎక్కువగా దాన్నే వాడతారు. దాని ప్రకారం 78 కిలోల దగ్గర మీ విశ్రాంతి ఖర్చు సుమారు 1,440 క్యాలరీలు. 70 కిలోల దగ్గర సుమారు 1,360. తేడా 80. పైన చెప్పిన 'ఇంకొంత' కోసం ఇంకో 70 అనుకుందాం. తక్కువ తింటే అరుగుదల ఖర్చూ తగ్గుతుంది, తేలికైన శరీరాన్ని నడిపించడానికి శక్తీ తక్కువే చాలు, పైగా నీరసంగా ఉన్న మనిషి తనకు తెలియకుండానే తక్కువ కదులుతుంది. వీటన్నిటికీ కలిపి ఇంకో 100 వేద్దాం. మొత్తం 250. మీరు మొదట్లో రోజుకు 2,000 దాకా ఖర్చు చేసేవారనుకుంటే ఇప్పుడు 1,750 దగ్గర ఉంటారు. ఇవి అంచనాలే, మీ విషయంలో అటో ఇటో వంద, రెండు వందలు తేడా ఉండొచ్చు. అయినా చూడండి, ఇది 1,750. 900 కాదు.

ఈ తెలియకుండా తగ్గే కదలికల గురించి ఇంకొక్క మాట. ఎస్కలేటర్ కనిపిస్తే మెట్ల వైపు చూడబుద్ధి కాదు. లేచి తెచ్చుకోవాల్సింది ఇంకొకరిని అడుగుతాం. జిమ్‌లో గంట గడిపి మిగతా రోజంతా సోఫాలోనే ఉండిపోతాం. ఇది సోమరితనం కాదు, ఇంధనం తక్కువైన శరీరం చేసే పొదుపు. ఫోన్‌లో అడుగుల లెక్క ఉంటే ఆరు నెలల కిందటి సంఖ్యను ఇవాళ్టితో పోల్చి చూడండి. చాలామంది అది చూసి ఆశ్చర్యపోతారు.

స్టార్వేషన్ మోడ్, అంటే కరువొచ్చిందనుకుని శరీరం బరువు తగ్గడాన్నే ఆపేస్తుందన్న మాటకు వద్దాం. అర్ధాకలితో మనిషికి ఏమవుతుందో తెలుసుకోవడానికి 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంతో యూరప్‌లో కోట్లమంది ఆకలితో ఉన్నారు, వాళ్లకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలియాలి. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న యువకులు 36 మంది ముందుకొచ్చారు. రోజుకు 3,200 క్యాలరీల దాకా తింటున్న వాళ్లకు 24 వారాల పాటు సగం తిండి, సుమారు 1,570 క్యాలరీలు మాత్రమే పెట్టి, వారానికి 22 మైళ్లు నడిపించారు. వాళ్లు బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. విశ్రాంతి ఖర్చు సుమారు 40 శాతం పడిపోయింది. గుండె వేగం బాగా తగ్గింది, ఎప్పుడూ చలి, కాళ్ల వాపులు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంట పుస్తకాలు సేకరించి చదువుకున్నవాళ్లున్నారు. నవ్వడం మానేశారు.

ఈ ప్రయోగం నుంచి మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, మెటబాలిజం అంతగా పడిపోయినా వాళ్ల బరువు తగ్గడం ఆగలేదు, నాలుగో వంతు పోయేదాకా తగ్గుతూనే వచ్చింది. నిజంగా తక్కువ తింటున్న మనిషి బరువు మెటబాలిజం వల్ల పూర్తిగా ఆగిపోదు. రెండోది, నాకు ఇంకా ముఖ్యమనిపించేది. తిండి మళ్లీ పెట్టడం మొదలయ్యాక వాళ్ల మెటబాలిజం తేరుకుంది. కానీ ఆకలి? కోరుకున్నంత తినొచ్చన్నాక కొందరు కడుపు పట్టనంత తిన్నారు, అయినా ఆకలి తీరలేదన్నారు. ఆ ఆకలి నెలల తరబడి ఉంది. వాళ్లు ఆరోగ్యవంతులైన, క్రమశిక్షణ ఉన్న యువకులు, ఒక ఆశయం కోసం స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. వాళ్ల వల్లే కాలేదు. శనివారం సాయంత్రం మీ చేయి ఆగడం లేదంటే అది మీ మనసు బలహీనత అని నేనెలా అనగలను?

తక్కువ తినడానికి శరీరం ఇచ్చే జవాబు రెండు రకాలు: ఖర్చు తగ్గించడం, ఆకలి పెంచడం. ఊళ్లోవాళ్లంతా మొదటి దాని గురించే మాట్లాడతారు. అసలు బలం రెండోదానిది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2016లో ఈ రెండింటినీ కొలిచి పోల్చారు. తగ్గిన ప్రతి కిలోకు ఖర్చు రోజుకు 20 నుంచి 30 క్యాలరీలు తగ్గుతుంటే, తినాలనే కోరిక రోజుకు 100 క్యాలరీల దాకా పెరుగుతోందని తేలింది. మూడు, నాలుగు రెట్లు. మీరు 8 కిలోలు తగ్గారు. అంటే మునుపటి కన్నా రోజుకు 800 క్యాలరీలు ఎక్కువ తినమని మీ ఒళ్లు అడుగుతోంది, మీరేమో మునుపటి తిండిలో సగం కూడా పెట్టడం లేదు. ఈ లాగులాట ఐదు రోజులు నడిచి ఆరో రోజు తెగిపోతోంది. ఆస్ట్రేలియాలో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పది వారాల కఠినమైన డైట్ చేసినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షించారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. ఈ మధ్య వచ్చిన సెమాగ్లూటైడ్ లాంటి మందులు బరువును అంతగా తగ్గించగలగడానికీ కారణం ఇదే. అవి మెటబాలిజాన్ని పరుగెత్తించవు, ప్రధానంగా ఆకలిని అణుస్తాయి.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన లెక్క చెప్పాలి. నొచ్చుకోకండి. మీ ఖర్చు 1,750, తిండి ప్రతి రోజూ 900 అయి ఉంటే ఈ ఏడు వారాల్లో ఇంకో 4, 5 కిలోలు తగ్గి ఉండాలి. తగ్గలేదు. ఒంట్లో నీరు చేరి కొంత కప్పిపుచ్చి ఉండొచ్చు. ఒత్తిడి, నెలసరి మార్పులు, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం, వీటితో నీరు చేరి ఒకటి రెండు కిలోల తగ్గుదలను వారాల తరబడి దాచేయగలదు. అయినా మొత్తం లెక్క దానితో తీరదు. ఐదు రోజుల్లో 900 అనుకున్నది వంటలో పోసిన నూనె, రుచి చూసిన ముద్దలు, టీలో చక్కెర కలిపి 1,100 అయిందనుకోండి. ఒక్క టేబుల్ స్పూన్ నూనే 120 క్యాలరీలు. లెక్క లేని రెండు రోజులు 3,300 చొప్పున అనుకోండి, ఆకలితో ఉన్న మనిషికి అదేం పెద్ద సంఖ్య కాదు. వారానికి 12,100. ఏడుతో భాగిస్తే 1,730 దాకా వస్తుంది. మీ ఖర్చుకు సరిగ్గా సరిపోయింది, బరువు అక్కడే నిలబడింది.

మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. 1992లో న్యూయార్క్‌లో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన పదిమందిని శాస్త్రవేత్తలు పరీక్షించారు. తాము రోజుకు 1,200 క్యాలరీలకు లోపే తింటున్నామని వాళ్లు నమ్మారు. ప్రత్యేక ఐసోటోపులు (జాడ పట్టగలిగే పరమాణువులు) కలిపిన నీరు తాగించి ఖర్చు కొలిస్తే మెటబాలిజం మామూలుగానే ఉంది. తిండి మాత్రం వాళ్లు చెప్పిన దానికి దాదాపు రెట్టింపు ఉంది. వాళ్లు చెప్పింది నిజమనే నమ్మి చెప్పారు. తిండిని కళ్లతో కొలవడం ఎవరివల్లా సరిగ్గా కాదు, పోషకాహార నిపుణులు కూడా తమ తిండిని తక్కువగా అంచనా వేస్తారు. ఇందులో మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. వారం మొత్తం మీద మీరు ఇప్పటికే 1,700 పైచిలుకు తింటున్నారు, అయినా బరువు పెరగలేదు. అంటే ఐదు రోజులు కడుపు మాడ్చుకోకుండానే మీరు 70 దగ్గర నిలబడగలరు.

మొదట్లో అంత వేగంగా తగ్గి ఇప్పుడు ఎందుకు ఆగిందన్న బాధ కూడా మీ ఉత్తరంలో వినిపించింది. మొదటి మూడు వారాల 4 కిలోల్లో సగం దాకా కొవ్వు కాకపోవచ్చు. కాలేయంలో, కండరాల్లో అర కిలో దాకా గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకున్న పిండిపదార్థం, నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గిస్తే ముందు అదే ఖాళీ అవుతుంది. ఆ వేగాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే తర్వాత వచ్చే ఏ ఫలితమూ మనకు ఆనదు. రోజుకు 500 క్యాలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో చొప్పున తగ్గుతూనే పోతామన్న లెక్కా ఇలాంటిదే. శరీరం చిన్నదయ్యే కొద్దీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆ 500 తేడా నెలనెలా కరిగిపోతుంది. ఎక్కడో ఒక చోట ఆగడం డైట్ విఫలమైందనడానికి గుర్తు కాదు.

మీ స్నేహితురాలికి చెప్పండి, 30 దాటితే మెటబాలిజం పడిపోదు. 2021లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో పసిపిల్లల నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా 6,400 మందికి పైగా ఖర్చును కొలిచారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా అది దాదాపు మారలేదు. ట్రైనర్ గారు బహుశా బరువు తగ్గడం మీద నడిచిన ఒక అమెరికా టీవీ పోటీలో పాల్గొన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనం గురించి విని ఉంటారు. 14 మందిని ఆరేళ్ల తర్వాత కొలిస్తే విశ్రాంతి ఖర్చు ఉండాల్సిన దాని కంటే రోజుకు సుమారు 500 తక్కువగా ఉంది. నిజమే, కానీ వాళ్లు రోజూ గంటల తరబడి వ్యాయామం చేస్తూ కొద్ది నెలల్లో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు. మీ 8 కిలోలకు ఆ లెక్క వర్తించదు. పైగా వాళ్లలో కూడా తగ్గిన బరువును బాగా నిలబెట్టుకున్నవాళ్లలోనే ఖర్చు ఎక్కువ నెమ్మదించింది. అంటే నెమ్మదించిన మెటబాలిజంతోనే వాళ్లు బరువును కాపాడుకోగలిగారు.

ఇప్పుడు చేయాల్సిన పని. వచ్చే ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువు తగ్గాలన్న ప్రయత్నమే పూర్తిగా పక్కన పెట్టండి. రోజుకు 1,650 నుంచి 1,750 క్యాలరీల దాకా తినండి, ఏడు రోజులూ ఒకేలా. సోమవారానికీ శనివారానికీ తేడా ఉండకూడదు. ఈ సలహాలో మీకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే అని నాకు తెలుసు, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. శనివారం అతిగా తిన్నారనుకోండి, ఆదివారం దానికి శిక్షగా మానేయకండి. మామూలు రోజులాగే మామూలు భోజనం చేయండి. ఈ వారాల్లో హార్మోన్లు కొంత తేరుకుంటాయి, ఒంట్లో వేడి, ఓపిక తిరిగి వస్తాయి, తెలియకుండా తగ్గిన కదలికలు కూడా పెరుగుతాయి.

ప్రోటీన్ రోజుకు 85 నుంచి 100 గ్రాముల మధ్య వచ్చేలా చూసుకోండి, ప్రతి భోజనంలోనూ కొంత ఉండాలి. పప్పులు, గుడ్లు, పెరుగు, చేపలు, మాంసం, మీరు తినేది ఏదైనా సరే. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగకుండా పెంచకండి. ప్రోటీన్‌కు అరుగుదల ఖర్చే దాని క్యాలరీల్లో 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. కానీ నేను చెప్పడానికి అసలు కారణం అది కాదు. ప్రోటీన్ తింటే కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది, కండరం కరగకుండా ఆపుతుంది.

వారానికి రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం చేయండి. జిమ్‌లో చెప్పినట్టు కిలో కండరం వందల క్యాలరీలు కరిగించదు, విశ్రాంతిలో రోజుకు 13 దాకా మాత్రమే. అయినా చేయాలి. తిండి తగ్గించినప్పుడు పోయే బరువులో కండరం వాటా తగ్గేది దీనివల్లే, నలభై, యాభై ఏళ్ల తర్వాత మిమ్మల్ని నిలబెట్టేదీ ఆ కండరమే. రోజూ నడవండి, అడుగుల లెక్క పాత స్థాయికి తెచ్చుకోండి. నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వకండి. నిద్ర చాలని మరుసటి రోజు ఆకలి ఎలా ఉంటుందో మీకే తెలిసి ఉంటుంది.

ఆ తర్వాత ఇంకా తగ్గాలనుకుంటే, నెలసరి సక్రమంగా వస్తుంటేనే, ఖర్చు కంటే రోజుకు 300 మాత్రమే తగ్గించండి. అంటే 1,450 దగ్గర. నెలకు ఒక కిలో తగ్గితే చాలు. రెండు మూడు నెలలు తగ్గాక మళ్లీ కొన్ని వారాలు నిలుపుకోండి. మీరు ఇప్పటికే మొదటి బరువులో పదో వంతు తగ్గారు. రక్తపోటుకు, షుగర్‌కు డాక్టర్లు మొదటి లక్ష్యంగా పెట్టేది ఐదు నుంచి పది శాతమే. ఇంకేమీ తగ్గకపోయినా ఇదే నిలబెట్టుకోవడం పెద్ద విజయమని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

పోయిన 8 కిలోలు తిరిగొస్తాయన్న భయం గురించి. తిండి పెంచిన మొదటి పది రోజుల్లో తూకం ఒక కిలో, ఒకటిన్నర కిలో పెరగొచ్చు. ముందే చెబుతున్నాను, అది చూసి టెన్షన్ పడి మళ్లీ 900కి వెళ్లిపోకండి. ఖాళీ అయిన గ్లైకోజెన్ నిండుతుంది, దానితో నీరు చేరుతుంది, పేగుల్లో ఉండే ఆహారం బరువు పెరుగుతుంది. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చు కంటే సుమారు 7,700 క్యాలరీలు ఎక్కువ తినాలి. 1,700 తింటూ పది రోజుల్లో అది సాధ్యం కాదు. రోజూ తూకం చూసుకునే అలవాటు ఉంటే ఏడు రోజుల సగటు రాసుకోండి, లేదంటే నెలకు రెండుసార్లు చూసుకుంటే చాలు. నడుము చుట్టుకొలత కూడా రాసి పెట్టుకోండి.

వీటన్నిటి కంటే ముందు, ఈ వారంలోనే ఒక గైనకాలజిస్ట్‌ను కలవండి. నెలసరి ఆలస్యానికి నేను చెప్పిన కారణమే ఉండాలని లేదు. గర్భం, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), థైరాయిడ్ జబ్బు ఇవన్నీ చూడాలి. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్షలు అడగండి, జుట్టు ఊడటానికి ఐరన్ తక్కువవడం కూడా కారణం కావచ్చు. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే అస్సలు ఆగకండి, అండాశయాలు నెమ్మదిస్తే ఎముకలు కూడా పలచబడతాయి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, కుడి పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వేగంగా బరువు తగ్గినవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ.

శని, ఆదివారాల సంగతి కూడా డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. సరిపడా తినడం మొదలుపెట్టాక చాలామందిలో ఆ తిండి ఉప్పెన నాలుగైదు వారాల్లో శాంతిస్తుంది. అప్పటికీ ఆగకపోయినా, చాటుగా తినాల్సి వస్తున్నా, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తున్నా అది వైద్యం ఉన్న సమస్య, మానసిక నిపుణులు చాలా బాగా సాయం చేయగలరు. పరీక్షల రిపోర్టులు వచ్చాక, ఆరు వారాల మీ తిండి లెక్కతో పాటు నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.